కాల్చిన పోడు

ఫల్గుణ కనిపించడం లేదన్న మాట రాజకుమారికి ముందుగా చెప్పింది వార్డు ఆయా.

"టీ తాగొస్తానని తెల్లారే గేటు దాటాడమ్మా మీ తమ్ముడు. ఇంతవరకూ జాడ లేదు. డాక్టరు గారు వచ్చే వేళయింది" అని, చెప్పకూడని మాట చెప్పినదానిలా బకెట్టు తీసుకుని పక్కకి తప్పుకుంది.

రాజకుమారి అద్దాల గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. అద్దానికి అవతల ఆమె చెల్లెలు రమణి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పదమూడేళ్ళ పిల్ల. జుట్టంతా రాలిపోయి, మెడ సన్నబడి, వెనకనుంచి చూస్తే చిన్నప్పుడు గుండు గీయించుకున్న ఫల్గుణే పడుకున్నట్టుంది. మంచం పక్కన ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని తల్లి దేముడమ్మ కూర్చుంది. పైన వేలాడే సీసాలోంచి చుక్క చుక్కగా మందు దిగుతోంది. ఆ మందు పని పూర్తయ్యేలోగా ఫల్గుణ దొరకాలి. దొరక్కపోతే రమణి ఆ గదిలోంచి బతికి బయటికి రాదు. ఆ సంగతి సరిగ్గా తెలిసింది ఆ ఇంట్లో రాజకుమారి ఒక్కదానికే.

రెండేళ్ళ కిందట రమణి పాడేరు ఆశ్రమ పాఠశాలలో చదువుతుండగా జ్వరం పట్టుకుంది. ఏజెన్సీలో జ్వరమంటే మలేరియాయే. బిళ్ళలు మింగించారు. తగ్గలేదు. పొద్దున లేచేసరికి తలగడ మీద చిగుళ్ళ నెత్తురు, తొడల మీద ఎవరో గిల్లినట్టు నల్లమచ్చలు. విశాఖపట్నం తీసుకొస్తే రక్తపు క్యాన్సరన్నారు. మందులకి ఒకసారి అణిగింది, ఏడాది తిరక్కుండా మళ్ళీ లేచింది. రెండోసారి లేచినదాన్ని మందులు ఆపలేవని చెప్పిన డాక్టరు సర్వేశ్వరరావే ఇంకో దారి ఉందన్నాడు. తోబుట్టువుల మూలకణాలు తీసి రోగికి ఎక్కించే వైద్యం మీద ఆయన ఆ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నాడు. అందులోకి తీసుకుంటే ఖర్చంతా పరిశోధనదే. అక్కా అన్నా ఇద్దరి రక్తమూ పరీక్ష చేశారు. రాజకుమారిది కలవలేదు. ఫల్గుణది అచ్చు గుద్దినట్టు కలిసింది.

"ఇదంతా మీవాళ్ళకి మీ మాటల్లో నువ్వే చెప్పు" అన్నాడు డాక్టరు.

రాజకుమారి పదో తరగతి దాకా చదివి, కొండ ఊళ్ళ వెంట తిరిగి మలేరియా బిళ్ళలు పంచే పనిలో ఉంది. రోగం సంగతి మనుషుల బుర్రకెక్కేలా చెప్పడం ఆమెకి అలవాటే. ఆరోజు ఆసుపత్రి మెట్ల మీద తల్లినీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి చెప్పింది.

"మన పోడు ఎలగ సేత్తాము? కొండవాలు మీద తుప్పా డొంకా నరికి కాల్చేత్తాం. మంచి మొక్కా సెడ్డ మొక్కా అని సూడం, అంతా కాల్తాది. బూడిదయ్యాక ఇత్తనం సల్లుతాం. రమణి ఎముకల్లోపల మూలుగంతా సెడ్డమొక్క మొలిసీసినాది. మందేసి కాల్చేత్తారు. తరవాత ఫల్గుణ ఒంట్లోంచి ఇత్తనం తీసి అక్కడ సల్లుతారు. అది మొలిత్తే గుంటకి కొత్త నెత్తురు పుడతాది."

ఫల్గుణకి ఇరవయ్యేళ్ళు. చదువు అంటలేదు గానీ పోడు పనిలో ఆ ఊళ్ళో వాణ్ణి మించినవాడు లేడు. "ఓసి, ఇంతేనా" అన్నాడు.

దేముడమ్మ మాత్రం "కాల్చినప్పుడు గుంటకి నొప్పెట్టదేటి?" అని అడిగింది. 

పోడు మాట విని డాక్టరు ముచ్చటపడ్డాడు. "ఇంతకంటే బాగా నేను కూడా చెప్పలేను" అని, మర్నాటి నుంచి ఆయనా 'విత్తనం' అనడం మొదలుపెట్టాడు. రాజకుమారికి ఆరోజంతా మనసు తేలిగ్గా ఉండింది. రమణి అయితే మంచం మీద లేచి కూర్చుని, "అన్న నెత్తురు ఎక్కితే నాకు మీసాలొత్తాయేటి సారూ?" అని అడిగింది. మీసాలు రావు గానీ నీ ఒంట్లో రక్తం మాత్రం మగపిల్లాడిదే అవుతుందని ఆయన నవ్వుతూ చెప్పాడు. "అయితే నేనూ అన్నలాగే పని దొంగనైపోతాను" అంది రమణి. ఫల్గుణ అద్దం మీద మొట్టికాయ వేశాడు.

ఇప్పుడు ఆ ఫల్గుణే లేడు.

రాజకుమారి గేటు బయట టీ కొట్టు దగ్గరికి పరుగెత్తింది.

"మీ కొండవాళ్ళెవరో వచ్చారమ్మా పొద్దున్నే" అన్నాడు టీ కొట్టతను. "ఏదో చావు కబురట. ఆ కుర్రాడు తాగుతున్న గ్లాసు అలాగే పెట్టేసి అతని వెంట వెళ్ళిపోయాడు. పాడేరు బస్సెక్కి ఉంటారు."

ఎవరు పోయారో అడగనక్కరలేదు. పెద్దయ్య చలికాలం నుంచీ మంచం మీదే ఉన్నాడు. తండ్రి పోయాక ముగ్గురు పిల్లల్నీ పెంచింది ఆయనే, తండ్రికి అన్న. ఆయనకి కొడుకులు లేరు. తమ్ముడి కొడుకే కొడుకు. చితికి నిప్పు పెట్టవలసినవాడు ఫల్గుణ.

డాక్టరుకి చెబితే ఆయన గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళాడు. "రేపటినుంచి అతనికి సూదులు మొదలుపెట్టాలి. ఎముకల్లోని మూలకణాలు రక్తంలోకి దిగాలంటే ఆ సూదులు కొన్ని రోజులు పడాలి. ఇప్పుడు వెళ్తే ఎలా?"

"మందు ఆపేస్తే సార్?"

"ఆపినా ఒకటే. ఇప్పటికే వెళ్ళినది చాలు, ఆ పిల్ల సొంత మూలుగ ఇక లేవదు. ఒంట్లో కాపలా ఉండదు. గాలిలో తిరిగే బూజు కూడా పట్టేస్తుంది. మొదలుపెట్టాక వెనక్కి తిరగడం లేదు రాజకుమారీ. నీకు చెప్పాను కదా."

చెప్పాడు. ఆమెకే చెప్పాడు.

నిప్పు పెట్టి వచ్చేస్తాడులే అనుకుంది. రాత్రి బస్సులో వస్తాడని గేటు దగ్గర కాపు కాసింది. మర్నాడు పొద్దున బస్సులో వస్తాడనుకుంది. మధ్యాహ్నం బస్సు కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఆసుపత్రి జీపు పంపమని అడిగితే డ్రైవరు సెలవులో ఉన్నాడన్నారు. ఆ మర్నాడు తెల్లవారకముందే రాజకుమారి బయలుదేరింది. వెళ్ళేముందు గది బయట గోడకున్న ఫోను ఎత్తి రమణితో మాట్లాడింది.

"అన్న పారిపోనాడేటి?" అంది రమణి. నోరంతా పుళ్ళు పడి మాట ముద్దగా వస్తోంది.

"పారిపోతాడేటే. పెద్దయ్య పోనాడు. తీసుకొత్తాను."

రమణి పెద్దయ్య భుజం మీద పెరిగిన పిల్ల. "పెద్దయ్యని నాను సూడలేదు" అంది. తరవాత అద్దంలోంచి అక్క మొహం చూసి, తనే మాట మార్చింది. "బేగి తెచ్చీ అప్పా. లేకపోతే నాకు మీసాలు రావు."

ఘాటీ ఎక్కుతుంటే బస్సు కిటికీలోంచి వేడిగాలి. ఎండలు ముదిరిన రోజులు. కొండలన్నిటి మీదా కాల్చిన పోళ్ళు నల్లగా పరుచుకుని ఉన్నాయి, మధ్యలో సగం కాలిన మోడులు నిలబడి. ఎక్కడా మనిషి లేడు. ఆ నలుపు వాన కోసం చూస్తోంది. రాజకుమారి ఆ కొండల్ని పుట్టినప్పటినుంచీ చూస్తోంది. ఆరోజు మాత్రం వాటిని చూడలేక కిటికీ రెక్క దించేసింది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

పాడేరులో జీపు మారి, రోడ్డు అయిపోయినచోట దిగి, గుట్ట ఎక్కి దిగి, గెడ్డ అనే కొండవాగు దాటితే వాళ్ళ ఊరు గెడ్డపుట్టు. చావు ఇంటి అరుగు మీద ఫల్గుణ తలకి తుండు చుట్టుకుని కూర్చున్నాడు. అక్కని చూడగానే సగం లేచాడు.

"అప్పా! గుంట ఎలగున్నాది?"

"నువ్వొచ్చీసినాక ఎలగుంటాదిరా? నాకు సెప్పకుండా ఎందుకొచ్చీసినావు?"

"సెప్తే రానిత్తువా?"

"నిప్పు పెట్టీసినావు కదా. లెగు. జీపు రోడ్డు మీద ఉన్నాది."

ఫల్గుణ లేవలేదు. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "దినం అయ్యాక వత్తానప్పా. మైల తీరాక. డాక్టరుకి సెప్పు."

"డాక్టరుకేటి సెప్తాను? మైల తీరేదాకా ఆగమంటే ఆగుతాదేటి?"

"మైల ఇంట్లోంచి ఇత్తనం బయటికిత్తామా?" అన్నాడు ఫల్గుణ. గొంతు పెంచలేదు. తెలిసిన మాట గుర్తుచేస్తున్నట్టే అన్నాడు.

ఆ కొండల్లో అందరికీ తెలిసిన కట్టు అది. మనిషి పోయిన ఇంట్లోంచి దినం అయ్యేదాకా నిప్పు ఇవ్వరు, ఉప్పు ఇవ్వరు, అన్నిటికంటే ముఖ్యంగా గింజ ఇవ్వరు. మైలలో ఇచ్చిన విత్తనం ఏ పోడులో పడితే ఆ పోడులో పంటతోపాటు చావు కూడా మొలుస్తుందంటారు.

"బుధు మామ మైలలో సామలు బదులిచ్చినాడు" అన్నాడు ఫల్గుణ. "తీసుకున్నోళ్ళ గుంటడు పంట ఇంటికి రాకముందే సచ్చిపోనాడు. నువ్వూ సూసినావు. ఇప్పుడు నా సేత్తో నాను దానికి సావు పంపమంటావా?"

"అది గింజ కాదురా! నెత్తురు!"

"ఇత్తనమని నువ్వే సెప్పినావు."

"మాట వరసకి సెప్పినాను!"

"డాక్టరూ అదే అన్నాడు. ఇద్దరూ మాట వరసకే అన్నారేటి?" ఫల్గుణకి కోపం వచ్చింది. "నాకు భయమై దాక్కున్నాననుకుంటన్నావేటి? సూదులకి భయపడతానా? గుంట బతకాలనే ఆగినాను. నాలుగు రోజులు ఆగితే ఏటైపోతాది? కాల్చిన పోడు ఆగదేటి? అదిగో సూడు."

గెడ్డకి అవతల వాలు మీద వాళ్ళ సొంత పోడు. ఫల్గుణే నరికి కాల్చాడు, ఆసుపత్రికి రాకముందు. నల్లగా, చదునుగా, ఏ తొందరా లేకుండా ఎండలో పడుకుని ఉంది.

"కాల్చి నెల దాటిపోనాది. ఏటైనా అయిందా? బూడిద అణిగేకొద్దీ బలం. తొందరపడి సల్లితే సీమలు తినీత్తాయి. మంచిరోజు సూసి సల్లాల గానీ, సావురోజు సల్లమంటావేటి?"

రాజకుమారి ఆ వాలు చూస్తూ ఉండిపోయింది. ఘాటీలో కిటికీ ఎందుకు దించేసిందో ఇప్పుడు తెలిసింది. తమ్ముడు ఆమె మాట మరిచిపోయి రాలేదు. ఆమె చెప్పిన మాట పొల్లు పోకుండా పట్టుకుని వచ్చాడు. పోడు అంటే నరకడం, కాల్చడం, చల్లడం మాత్రమే కాదు. కాల్చినదానికీ చల్లినదానికీ మధ్య ఆగడం కూడా పోడులోదే. పోడు తెలిసిన ఎవడికైనా అది తెలుసు. ఆమెకీ తెలుసు. ఆ మెట్ల మీద కూర్చున్నరోజు ఆ సంగతి తలపుకి రాలేదు.

ఇంట్లోంచి పెద్దయ్య భార్య యర్రమ్మ గడప దాకా వచ్చింది. "ఏటే గుంటా ఆ కేకలు? నా మొగుడి బూడిద ఇంకా సల్లారలేదు."

రాజకుమారి తమ్ముడి పక్కన అరుగు మీద కూర్చుంది.

"పోడు ఎందాకా ఆగుతాదిరా?" అంది.

"వాన పడేదాకా."

"పడ్డాక?"

"పడ్డాక ఎలగాగుతాది? కలుపు లెగిసిపోదూ?"

"అక్కడ వాన పడిపోనాది ఫల్గుణా. గుంట ఒంట్లో మొన్ననే పడిపోనాది. ఏ గంటకి కలుపు లెగుత్తాదో అని డాక్టరు కాపలా కాత్తన్నాడు. కలుపు ముందు లెగితే ఇంక నీ ఇత్తనానికి సోటుండదు."

ఫల్గుణ తలమీది తుండు తీసి మోకాళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ఈ మాట నువ్వప్పుడు సెప్పలేదు" అన్నాడు.

"సెప్పలేదురా."

దిసారి పైడయ్యని పిలిచారు. ఊరికి మంచీ చెడ్డా చూసి చెప్పేది ఆయనే. రోగం సంగతి, పట్నం సంగతి అంతా విని, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "నిప్పెట్టిన సెయ్యి, బూడిద గెడ్డలో కలిపేదాకా గెడ్డ దాటకూడదు. దాటితే సావు కూడా వెనకే దాటుతాది. నాను పెట్టిన కట్టు కాదిది."

"దినం ముందుకి జరపలేమా తాతా?" అంది రాజకుమారి.

"జరపాలంటే కుటుంబమోళ్ళు నాలుగూళ్ళ నుంచి రావాల. రాకుండా సేత్తే రేపు నన్ను కొట్టేత్తారు."

"కొడితే కొట్టనీ" అంది యర్రమ్మ గడప మీదినుంచే. "ముసలోడివి, రెండు దెబ్బలు తింటే అరిగిపోతావేటి? సచ్చినోడు నా మొగుడు. ఆ గుంటని బుజాల మీదేసుకుని సంతలన్నీ తిప్పినోడు. దాని పేనం మీదికొత్తే దినాలు లెక్కెడతాడేటి ఆడు? ఎవరొత్తే ఆళ్ళతోనే రేపు పొద్దున్న సేసీండి. మైల మిగిలిపోతే నా మీదెయ్యండి."

అలాగే చేశారు. రాత్రికి రాత్రి కబుర్లు వెళ్ళాయి. పొద్దెక్కాక రెండూళ్ళ వాళ్ళు మాత్రం వచ్చారు. బూడిద గెడ్డలో కలిపి, ఫల్గుణ తలమీద కొత్తకుండ నీళ్ళు పోసి, కోడిని కోసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, "తొందర దినం, తొందర సావు" అని గొణిగాడు. ఫల్గుణ విన్నాడు. రాజకుమారీ విన్నది.

రోడ్డు మీద జీపువాడు మనుషులు నిండితే గాని కదలనన్నాడు. నిండేసరికి సాయంత్రమైంది. అంత ఇరుకులోనూ ఫల్గుణ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, ఎవరికీ తగలకుండా కూర్చున్నాడు. బస్సులోనూ అంతే. మైల పూర్తిగా తీరిందని వాడికి నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే రాజకుమారికీ కుదరలేదు. ఎంత చదివినా ఆమె ఆ ఊళ్ళో పుట్టిన మనిషే. తమ్ముణ్ణి వెంటపెట్టుకుని గెడ్డ దాటినప్పుడు ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఆసుపత్రికి చేరేసరికి రమణికి జ్వరం మొదలైంది.

సూదులు వేసి, మూలకణాలు రక్తంలోకి దిగేదాకా చూసే వ్యవధి ఇక లేదన్నాడు డాక్టరు. తుంటి ఎముకల్లోంచి నేరుగా మూలుగ తీస్తామన్నాడు. ముందు ఫల్గుణకి మలేరియా లేదని తేల్చుకోవాలి. కొండనుంచి వచ్చినవాడు. ఆ పరీక్షకి ఇంకొంత సేపు. ఆ సేపంతా రాజకుమారి బెంచీ మీద కూర్చోలేక నిలబడే ఉంది.

మత్తు ఇచ్చి తీశారు. ఎర్రటి మూలుగ నిండిన సంచీని నర్సు పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని అద్దాల గదిలోకి తీసుకెళ్ళింది. రమణి మంచం పక్కన వేలాడదీశారు. అంతా చూస్తే మామూలు రక్తం ఎక్కించినట్టే ఉంది. దేముడమ్మ ఆ సంచీకి దణ్ణం పెట్టింది.

ఫల్గుణ బోర్లా పడుకుని, నడుం కదపలేక, మత్తు దిగీ దిగకముందే అడిగాడు. "సల్లీసినారా?"

"సల్లీసినార్రా" అంది రాజకుమారి.

ఆ తరవాత చెయ్యగలిగిందేమీ లేదు. చల్లినవాడు ఏం చేస్తాడు? చూస్తాడు. ఫల్గుణ కుంటుతూ వచ్చి రోజూ అద్దం దగ్గర నిలబడేవాడు. రమణి చెయ్యి ఎత్తి పైపెదవి తడిమి చూపించేది, మీసాలు ఇంకా రాలేదన్నట్టు. రానురాను చెయ్యి ఎత్తడం మానేసింది. దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లో బూజు పట్టిందన్నారు. మూతికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఫోను చెవి దగ్గర పెడితే మాట వినిపించేది కాదు, ఊపిరి మాత్రం వినిపించేది, తడిసిన కట్టెలు రాజుకోక పొగ కక్కుతున్నట్టు.

ఒక పొద్దున డాక్టరు సర్వేశ్వరరావు గదిలోంచి బయటికి వచ్చాడు. "తెల్లకణాలు కనిపించాయి. మీ తమ్ముడివే. మొలకెత్తింది రాజకుమారీ."

ఆ మాట అన్న మొహంలో సంతోషం లేదు.

"అయితే బతుకుతాదా సార్?"

"అవి ఇంకా పసివి. బూజు పెద్దదైపోయింది."

మర్నాడు మధ్యాహ్నం, అన్నాల వేళ, రమణి పోయింది.

దేముడమ్మ ఏడవలేదు. గదిలోంచి బయటికి వచ్చి, మూతికి కట్టుకున్న గుడ్డ విప్పకుండానే డాక్టరుని అడిగింది. "మొలిసింది కదా బాబూ. మరెందుకు పోనాది?"

ఆయన బండి సిద్ధం చెయ్యమని నర్సుకి చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి బండి సిద్ధమయ్యేలోగా రాజకుమారి డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆలస్యం వల్లేనా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "వేళకి ఎక్కించినా ఈ వైద్యంలో సగంమంది దక్కడం లేదు. ఎందుకు దక్కడం లేదో తెలుసుకోవడానికే ఈ పరిశోధన. మీ చెల్లెలు ఏ సగంలో ఉండేదో నాకు తెలీదు."

"అంటే ఆలస్యం వల్ల కాదన్నమాటేనా?"

"కాదని చెప్పలేను" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "వచ్చే నెల చింతపల్లి వైపు నుంచి ఇంకో అబ్బాయి వస్తున్నాడు. వాళ్ళకీ ఆ పోడు మాటే చెబుదామనుకుంటున్నాను. చెప్పొచ్చా?"

 "చెప్పండి సార్. కానీ కాల్చిన మర్నాడే వాన పడిపోతుందని చెప్పండి. ఆగే పోడు కాదని ముందే చెప్పండి."

ఆయన తల ఊపాడు.

రమణిని గెడ్డ అవతల, పెళ్ళి కాని పిల్లల్ని పూడ్చేచోట పూడ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ నీళ్ళ దగ్గర, సంత దారిలో, మాట తిరిగింది. మైలలో ఇచ్చినాడు, అందుకే మొలిసి కూడా సంపేసినాది అన్నారు. ఆసుపత్రి లెక్కలో ఆలస్యం చంపింది. ఊరి లెక్కలో తొందర చంపింది. రెండు లెక్కల్లోనూ ఫల్గుణే ఉన్నాడు. ఆ రెంటికీ ముందు ఆసుపత్రి మెట్ల మీద చెప్పిన ఒక మాట ఉంది. ఆ లెక్క రాజకుమారి ఒక్కతే వేసుకునేది.

రమణి దినం ఇంకా కాలేదు, వాన పడింది. తొలకరి. రాత్రంతా కురిసి పొద్దున్నే వెలిసింది. ఊళ్ళో అందరూ గింజల బుట్టలెత్తుకుని పోళ్ళకి బయలుదేరారు. దేముడమ్మ ఇల్లు మైల ఇల్లు. గింజ ముట్టకూడదు. గెడ్డ అవతల వాళ్ళ వాలు నల్లగా తడిసి మెరుస్తోంది. మూడోనాటికి దానిమీద ఆకుపచ్చటి నూగు కనిపించింది. కలుపు.

ఫల్గుణ లోపలికి వెళ్ళి చోడి విత్తనాల బుట్ట దించాడు.

"ఏటి సేత్తన్నావురా?" అంది దేముడమ్మ. "మైలరా!"

"ఇంకెవరున్నారే సావడానికి?" అన్నాడు.

 రాజకుమారి లేచి వాడి వెనకే నడిచింది. అటూ ఇటూ పోళ్ళలో జనం పని ఆపి చూశారు. ఒక్కరూ పలకరించలేదు. ఫల్గుణ వాలు కింది అంచునుంచి మొదలుపెట్టి చల్లుకుంటూ పైకి వెళ్ళాడు. వెనకనుంచి రాజకుమారి గొప్పుతో మట్టి కదుపుతూ, కనిపించిన కలుపు పీకుతూ వెళ్ళింది. తుంటిలో పోటు ఇంకా తగ్గలేదు వాడికి, సగం ఎక్కాక ఒక మోడుని పట్టుకుని ఆగాడు.

"నాను మొదటిరోజే వచ్చీసుంటే బతికేదా అప్పా?"

రాజకుమారి వంగింది వంగినట్టే ఉంది. "వేళకి ఎక్కించినా సగంమంది దక్కరన్నాడు డాక్టరు."

"ఇంకేటన్నాడు?"

"ఇంకేటీ అన్లేదు."

ఫల్గుణ ఆమె వీపుకేసి కాసేపు చూశాడు. తరవాత పిడికిట్లోకి గింజలు తీసుకున్నాడు.

ఆ ఏడు వాళ్ళ చోడి బాగా పండింది. వెన్నులు బరువుకి వంగిపోయాయి. ఏటా కొత్త పంట రాగానే విత్తనానికని ఇంటింటికీ బదులు ఇచ్చి పుచ్చుకోవడం ఆ ఊరి వాడుక. ఆ ఏడు వాళ్ళ గడపకి ఎవరూ గిన్నె పట్టుకుని రాలేదు. యర్రమ్మ ఒక్కతే వచ్చి, "ఒక తవ్వెడు పెట్టే" అంది. దేముడమ్మ పెట్టలేదు. "నీకొద్దప్పా" అని గిన్నె వెనక్కి ఇచ్చేసింది.

దేముడమ్మ ఆ చోడి విసిరి రోజూ అంబలి కాచేది. ఏడాది పొడుగునా ముగ్గురూ అదే తాగారు.